తోమని పండ్లు

వేపపుల్ల యెరుగదు, పండ్లపొడి యెరుగదు. అయినను కుక్క నోరు తెరచినపుడు కోరలు తెల్లగా మెరయును. నిత్యము తోముకొను మన పండ్లకు పుప్పి పట్టుచుండగా, తోమని జంతువులకు ఈ భాగ్యమెట్లు కలిగినది?

మొదటి కారణము ఆహారము. పుప్పిపంటిని పురుగు తినుననుట వాడుక. నిజమునకు, నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపై నుండు పింగాణిపొరను కరిగించును. అడవిమృగమునకు మిఠాయి లేదు. మరక పట్టించు కాఫీ, పొగాకు, తాంబూలములును లేవు. ఎముక కొరుకుటలోను, గట్టి గడ్డి నమలుటలోను పండ్లు రాపిడి పొంది కొంత శుభ్రపడును. కుక్క లాలాజలమునకు మనదానికంటె క్షారగుణము హెచ్చు. ఆమ్లము పదును దానివలన కొంత విరుగును.

రెండవ కారణము పండ్ల నిర్మాణము. పాలపండ్లు ఊడిన పిమ్మట మనకు వచ్చునది ఒక్క వరుసయే. మొసలికిని, సొరచేపకును ఊడిన పంటి చోట క్రొత్త పన్ను మరల మరల వచ్చుచుండును. ఎలుక ముందరిపండ్లు జీవితాంతము పెరుగుచు, కొరుకుటచే అరుగుచుండును. అవి తెల్లనివి కావు, పసుపుపచ్చనివి. పింగాణిపొరలో చేరిన ఇనుమే ఆ రంగునకును, గట్టితనమునకును మూలము. కావున తెలుపే ఆరోగ్యమునకు గుర్తని తలపరాదు.

తోమకున్నను జంతువులకు దంతబాధ లేదనుకొనుటయు పొరపాటే. మూడేండ్లు దాటిన పెంపుడు కుక్కలలో పెక్కింటికి పండ్లపై గార పట్టి, చిగుళ్లు చెడును. ఏనుగునకు దవడపండ్లు ఒకదాని వెనుక నొకటిగా ఆరు పర్యాయములు మాత్రమే వచ్చును. కడపటివి అరిగిన ముసలి ఏనుగు మేత నమలలేక కృశించి మరణించును. అడవిలో పంటితో పాటు ప్రాణమును పోవును. కట్టుడుపండ్లు అమర్చు వైద్యుడచట లేడు.

"ఆవు తోముకొనుచున్నదా?" యని ఎదురాడు పిల్లలకు మనము చెప్పదగిన సమాధానమిదియే: ఆవు లడ్డు తినదు, మీరు తిందురు. తీపి తిన్నవెంటనే నీటితో నోరు పుక్కిలింపుడు. ఉదయమువలెనే రాత్రి పరుండబోవునపుడును తోముకొనుడు. నిద్రలో లాలాజలము తగ్గును గనుక, పంటికి అపాయము హెచ్చుగా నుండునది ఆ వేళనే.