మా ముత్తాత ఎటు వెళ్ళాడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు మా చేత వంశవృక్షం రాయించారు. తాతగారి పైన గడి నేను ఖాళీగా వదిలేశాను. "ముత్తాత పేరు తెలియదురా?" అన్నారు. పేరు తెలుసు సార్, ఏమయ్యాడో తెలియదు. ఆ మాట చెప్పలేక తలొంచుకు నిలబడ్డాను. ఆ హోంవర్కు ఇవాళ అప్పగిస్తున్నాను.

మా తాత నెలల పిల్లాడుగా ఉండగా ఆయన తండ్రి ఇల్లు వదిలి వెళ్ళాడు. సాగర్ ఎడమ కాలువ ఊహలో కూడా లేని రోజులు. మన తిరువూరు మెట్టలో వాన పడితే పంట, లేకపోతే అప్పు. "నైజాంలోకి దాటేశాడు" అనుకున్నారంతా. సరిహద్దు ఎంత దగ్గరో మీకు చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళు కబురు లేకపోయేసరికి, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామన్నారు పెద్దలు. తాతమ్మ ఒప్పుకోలేదు. పోయేదాకా బొట్టుతోనే ఉంది. ఆ తర్వాతా మా ఇంట్లో ఆయనకు తద్దినం లేదు. తిథి తెలిస్తే కదా!

మద్రాసు రేవులో చూశానని ఊరాయన ఒకరు తాతమ్మతో అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు 1899లో గానీ రాలేదు. అంతకు ముందు సరుకూ జనమూ పడవల మీద బకింగ్‌హాం కాలువలో వెళ్ళేవారు. ఇరిగేషన్‌లో పనిచేసిన వాణ్ణి, నాకు మొదట తట్టింది ఆ కాలువే.

మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది మనవాళ్ళు కూలి ఒప్పందాల మీద నాటాల్ వెళ్ళారు. ఎక్కువగా చెరకు తోటల్లోకి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు రాసి పెట్టారు. ఆ జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లో చూడొచ్చు. రెండేళ్ళు వెతికాను, దొరకలేదు. తప్పు నాది. సరైన స్పెల్లింగుతో వెతికాను! నా పదో తరగతి సర్టిఫికెట్‌లోనే ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడితే, మద్రాసు డిపో గుమాస్తా సరిగ్గా రాస్తాడా? చెవికి ఎలా వినపడి ఉంటుందో అలా పేర్లు రాసుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

1896లో ఒకతను. జిల్లా 'కిస్నా'. తండ్రి పేరు కలిసింది. వయసు 24. ఎడమ పిక్క మీద మచ్చ.

మచ్చ దగ్గర నాకు అనుమానం. నాగలి కర్రు తగిలింది కుడి కాలికని తాతమ్మ చెప్పేదట. నాన్నతో అదే అన్నాను. ఎనభై దాటిన మనిషి, కాసేపు ఆలోచించి, "ఆవిడ ఎదురుగా నిలబడి చూసింది కదరా" అన్నారు. ఇంజనీరుగా నేను దాన్ని రుజువు అనను. ఆ పేరూ ఆ తండ్రి పేరూ మన జిల్లాలో ఎంతమందికి ఉంటాయో!

నాన్నకు చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడాయన లేరు కాబట్టి చెబుతున్నాను. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, అయిదో ఏడు 14. 1895 చట్టం ప్రకారం గడువు తీరాక తిరిగి రావాలి, లేదా మళ్ళీ ఒప్పందం రాయాలి, లేదా ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతం పైమాటే. తిరిగొచ్చే ఓడకు మాత్రం డబ్బు అడగరు. రావాలనుకుంటే రావచ్చు. జబ్బు చేసిందో, అక్కడ ఇంకో సంసారం ఏర్పడిందో, అప్పులవాళ్ళ భయమో. ఆ కాగితంలో అది లేదు.

నాన్న కాగితం అడిగి తీసుకుని తాతమ్మ ట్రంకుపెట్టెలో పెట్టారు. ఆ ఏడు మహాలయ అమావాస్యకు పురోహితుడు ఎప్పటిలాగే ఆ పేరు దగ్గర ఆగి నాన్న వంక చూశాడు. నాన్న పేరు పైకి చెప్పి, నువ్వులూ నీళ్ళూ వదిలారు.