తాళపుచెవి - ఉరిచెట్టు

17వ శతాబ్దిలో యూరపు ఖండమును దహించిన యుద్ధములను ఆనాటి చిత్రకారు లెట్లు చూపిరో నేడు చెప్పదలచినాము. రేడియోలో చిత్రము కనబడదు. కావున ఎవరెచ్చట నిలిచియున్నారో మాటలతోనే చూపవలసియున్నది.

మాడ్రిడ్ నగరమందలి ప్రాదో చిత్రశాలలో పదియడుగుల ఎత్తు, పండ్రెండడుగుల వెడల్పు గల పటమొకటి కలదు. 1635 ప్రాంతమున వెలాస్కెజ్ తన ప్రభువైన నాల్గవ ఫిలిప్ రాజు సభామందిరమునకై దానిని వ్రాసెను. డచ్చివారి బ్రెడా కోటను స్పెయిన్ సేన 1624 ఆగస్టు మొదలు 1625 జూన్ వరకు ముట్టడించి, ఆకలిచే లొంగదీసినది. పటములో ఓడిన సేనాని జస్టిన్ తాళపుచెవితో వంగుచుండగా, గెలిచిన స్పినోలా గుఱ్ఱము దిగి అతని భుజముపై చేయి వేయుచున్నాడు. వెనుక బల్లెములు బారులు తీరియున్నవి. మనోహరమైన మర్యాద! కాని కోటలోపల మాడిన జనులలో ఒక్కరును ఇందు లేరు. 1637లో డచ్చివారు బ్రెడాను మరల గెలుచుకొనిరి. తాళపుచెవి మాత్రము పటములో స్పినోలాకే అందుచున్నది.

ఆ ముట్టడినే స్పెయిన్ పక్షమువారి కోరికపై ఆరు రాగిరేకులమీద చిత్రించినవాడు లొరేన్ దేశస్థుడు జాక్ కలో. 1633లో ఫ్రెంచి సేనలు అతని జన్మస్థలమగు నాన్సీని ఆక్రమించినవి. ఆ యేడే అతని మరియొక చిత్రమాల పారిస్‌లో వెలువడినది. యుద్ధము తెచ్చు ఘోరములే దాని వస్తువు. అందు 18 చిత్రములు; ఒక్కొక్కటి జానెడు వెడల్పైన లేదు. రేకుపై గట్టి వార్నిషు పూసి, సూదితో గీసి, గీతలను ద్రావకముచే తినిపించి, సిరా నింపి కాగితముపై అచ్చొత్తుదురు. ఒక్క రేకునుండి వందల ప్రతులు వచ్చును. రాజమందిరము చొరలేనివారికిని అవి అందినవి.

ఒక చిత్రములో సైనికులు రైతు ఇల్లు దోచుచున్నారు. పొయ్యిమంటపై ఒకని తలక్రిందుగా వ్రేలాడదీసిరి. పదునొకండవ చిత్రములో ఒక మహావృక్షము, దాని కొమ్మలకు ఇంచుమించు ఇరువది శవములు. నిచ్చెనపై మతగురువు ఒకనికి శిలువ చూపుచున్నాడు. చెట్టు మొదట కొందరు భేరిమీద పాచికలాడుచున్నారు! వ్రేలాడువారు రైతులని మనము తలతుము. కారు, దోపిడికి శిక్షింపబడిన సైనికులే. కడపటి చిత్రములో ప్రభువు సింహాసనమునుండి మంచి భటులకు బహుమతు లిచ్చును. కావున కలో రాజులను దూషించెననుట సరికాదని మా అభిప్రాయము. అయినను ఆ సింహాసనమును చూచినవారి కన్ను మరల చెట్టువైపే పోవును.

నాన్సీ ముట్టడిని గూడ చిత్రింపుమని ఫ్రెంచి రాజు కోరగా, అంతకన్న బొటనవ్రేలు నరికికొందునని కలో పలికెనని ఒక కథ కలదు. కథ నిజమో కాదో గాని, 1635లో మరణించువరకు అతడా ముట్టడిని చిత్రింపలేదు.