ఓళిగ: ఒక్క పిండి, ఎన్నో పూర్ణాలు

మెక్సికోలో మొక్కజొన్న రొట్టెలో కూరో మాంసమో పెట్టి చుట్టి, మిరపకాయల పులుసు పోస్తే అది ఎంచిలాడా. ఊరు మారితే లోపలిది మారుతుంది, పులుసు రంగూ మారుతుంది. కర్ణాటకలో దర్గాకు పేరుపడ్డ మన మురుగమల్ల, చింతామణి వైపు ఉగాదికి పెనమెక్కే ఓళిగదీ (ఒబ్బట్టు, బొబ్బట్టు అన్నా ఇదే) అదే తీరు.

ఇక్కడ పూర్ణానికి కందిబేడలే ఎక్కువ. కోస్తాలో అయితే శనగపప్పు. బేడ వేలితో నొక్కితే మెదగాలి, కానీ ఉడికి ముద్ద కాకూడదు. కట్టు వంచేసి, బెల్లం, ఏలకులు చేర్చి రుబ్బాలి. పైపిండి మెత్తగా కలిపి నూనెలో రెండు గంటలైనా నాననివ్వాలి. అప్పుడే రబ్బరులా సాగి, చిరగకుండా పూర్ణాన్ని కప్పుతుంది. నూనె రాసిన అరిటాకు మీద చేత్తో తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, మెల్లగా ఆకు తీసేస్తారు. ఇందులో తొందర అస్సలు పనికిరాదు.

కొబ్బరి ఓళిగ ఉంది, నువ్వులదీ వేరుశనగదీ ఉన్నాయి. బెంగళూరు అంగళ్లలో ఇప్పుడు క్యారెట్, ఖర్జూరం ఓళిగలు కూడా అమ్ముతున్నారు. నా ఓటు మాత్రం బేడల ఓళిగకే. వంచిన ఆ కట్టులో కాస్త పూర్ణం, చింతపండు, కారం వేసి కాచే ఒబ్బట్టు చారు కొబ్బరి ఓళిగతో రాదు కదా! మరునాటికి ఆ చారు ఇంకా బాగుంటుంది; వేడన్నంలోకి కొంచెం దాచుకోండి.