కొన్న పెట్టెకు యజమాని ఎవరు?

(హోసూరులో కంప్యూటరు అభ్యాసకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో తీగ లేకుండా అంతర్జాలాన్ని గదిగదికీ చేరవేసే రౌటరు కూడా ఒక చిన్న కంప్యూటరే. దానిని నడిపే ప్రోగ్రామునే ఫర్మ్‌వేరు అంటాము. కొన్నేళ్ల కిందట మా ఇంటి రౌటరు చక్కగా పనిచేస్తుండగానే, తయారుచేసిన సంస్థ దానికి భద్రతా సవరణలు పంపడం మానివేసింది. అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. చెడని వస్తువును పారవేయడానికి నాకు మనసొప్పలేదు. దానిలోని ప్రోగ్రామును నేనే మార్చుకోకూడదా అనిపించింది.

మార్చుకోవచ్చు. దానికి దారి ఏర్పడిన తీరు తెలుసుకోదగినది. 2002 చివరలో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటరును విడుదల చేసింది. అందులో లినక్స్ ఉన్నదని 2003లో కొందరు గుర్తించారు. లినక్స్‌ను జీపీఎల్ అనే అనుమతిపత్రం ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే ఇతరులకు అందించేవారు దాని మూలసంకేతాన్ని కూడా అందుబాటులో ఉంచాలి. ఈ షరతును చూపి వాడుకరులు నిలదీశారు. ఆ ఏడాదే సంస్థ మూలసంకేతాన్ని బయటపెట్టింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. నేడది ఎన్నో సంస్థల రౌటర్లపై నడుస్తున్నది.

ఇక నా అనుభవం. మొదటిసారి తొందరపడ్డాను. రౌటరు నమూనా పేరు చూశానే గాని, అడుగున అంటించిన చీటీలో ఉన్న వెర్షను సంఖ్య చూడలేదు. పేరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరు. తప్పు ఫైలు ఎక్కించేసరికి దీపం మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. ఇటువంటి దానిని వాడుకరులు 'ఇటుక' అంటారు. రీసెట్ బొత్తాం నొక్కి ఉంచి విద్యుత్తు ఇచ్చి, కేబుల్ ద్వారా టీఎఫ్‌టీపీ పద్ధతిలో పాత ఫర్మ్‌వేరును పంపి, రెండు రాత్రులు కష్టపడి దానిని బతికించాను. అన్ని రౌటర్లకూ ఈ అవకాశం ఉండదు.

కనుక ముందుగా నమూనా పేరును, వెర్షనును ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టికతో సరిచూసుకోండి. కనీసం 8 మెగాబైట్ల ఫ్లాషు, 64 మెగాబైట్ల ర్యామ్ కావాలి; 16, 128 ఉంటే మేలు. మొదటిసారి ఎక్కించడానికి సాధారణంగా 'ఫ్యాక్టరీ' ఫైలు, తరువాతి నవీకరణలకు 'సిస్‌అప్‌గ్రేడ్' ఫైలు వాడాలి. దిగుమతి చేసుకున్న ఫైలు షా256 సంఖ్యను పోల్చి చూడండి. వైఫై మీద కాక కేబుల్ తగిలించి పని చేయండి. మధ్యలో విద్యుత్తు పోకుండా యూపీఎస్ పెట్టుకోండి. పని పూర్తయ్యాక 192.168.1.1 చిరునామా తెరిచి, ముందుగా సంకేతపదం పెట్టండి. వైఫై సాధారణంగా ఆపివేసి ఉంటుంది. దానిని మీరే ప్రారంభించాలి.

మా పాత రౌటరు ఇంకా పనిచేస్తున్నది, దానికి సవరణలూ అందుతున్నాయి. 2003లో కొందరు అనుమతిపత్రాన్ని చదివి, అందులో తమకున్న హక్కును అడిగినందువల్లనే ఇది సాధ్యమైంది. మీరు కొన్న వస్తువుతో వచ్చిన కాగితాలను కూడా ఒకసారి చదవండి. అందులో మీకు రావలసినది ఏదైనా ఉంటే అడగండి.