పిలుపు అందిందా? జవాబివ్వండి

గృహప్రవేశానికో, పాప పుట్టినరోజుకో వాట్సాప్‌లో పిలుపు వస్తుంది. చూసి, దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటాం. వస్తున్నట్టా, రానట్టా? క్యాటరింగ్ వాళ్లు ఎన్ని ప్లేట్లని ముందే అడుగుతారు. చెప్పిన లెక్కకే డబ్బు కట్టాలి. రానివారి భోజనం వృథా అవుతుంది, చెప్పకుండా వచ్చినవారికి కూర చాలదు. పిలిచినవారిని ఇలా ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.

1998లో మొదలైన ఈవైట్ అనే ఆన్‌లైన్ ఆహ్వానాల సైట్‌లో వస్తామనో, రామనో బటన్ నొక్కి చెప్పవచ్చు. ఎందరొస్తారో కూడా రాయవచ్చు. వాట్సాప్‌లో మామూలు సందేశంగా వచ్చిన పిలుపుకైతే ఆ రెండు మాటలూ మనమే రాయాలి.

రాలేకపోతే కారణాల చిట్టా అక్కర్లేదు. "రాలేకపోతున్నామండీ, శుభాకాంక్షలు" అంటే చాలు. అదీ గ్రూపులో కాదు, పిలిచినవారికే విడిగా. దగ్గరి బంధువులైతే ఫోన్ చెయ్యండి. జవాబివ్వని పిలుపు మీ ఫోన్‌లో ఉంటే, ఈ రోజే చెప్పెయ్యండి.