మేఘభాండారమునకు అద్దె యెవరు చెల్లింపవలెను?



బండి కొన్నవాడు బండిచావడిని తానే కట్టుకొనును. ధాన్యము పండించినవాడు గాదెను తానే అమర్చుకొనును. లేదా గిడ్డంగిలో పెట్టి బస్తాకింత యని అద్దె యిచ్చును. గుంటూరు ప్రాంతమున మిరపకాయలను శీతల గిడ్డంగులలో నిలువచేయు రైతు అద్దె హెచ్చినదని సణుగునే గాని, అద్దెయే అక్రమమని యెన్నడును వాదింపలేదు. అట్టి మనము చేతిలోని స్మార్టుఫోనునందలి చిత్రములకును, చిరునామాలకును, ఉత్తరములకును వేరొకచోట ప్రతిని దాచిపెట్టు పని మాత్రము ఉచితముగా జరుగవలెనని కోరుచున్నాము. ఈ కోరిక న్యాయమా, పేరాసయా యనునది నేటి ప్రసంగవిషయము.

ముందుగా ఆ పని యెట్టిదో తెలిసికొనవలెను. ఒక ఫోనులో చేర్చిన నంబరు, వ్రాసిన సంగతి, తీసిన చిత్రము తనంతట తానే మరియొక ఫోనునందును, కంప్యూటరునందును అదే రూపమున కనబడునట్లు చేయుటను ఆంగ్లమున సింక్ అందురు. మన పండితులు దీనికి సమకాలీకరణమని పేరిడిరి గాని ఆ మాట ఫోనుకంటె బరువుగా నున్నది. నేను జతపరచుట యందును. ఈ జతపరచుటకు నడుమ ఒక ప్రతి యుండవలెను. ఆ ప్రతి యుండు చోటికి క్లౌడు, అనగా మేఘము, అని పేరు.

ఈ మేఘము ఆకాశమున లేదు. దీనినుండి చినుకును రాలదు. ఇనుప చట్రములలో వరుసగా పేర్చిన కంప్యూటర్లు, వానిని చల్లార్చు యంత్రములు, రేయింబవళ్లు కావలి కాయు మనుష్యులు గల పెద్ద పెద్ద శాలలే ఈ మేఘము. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతమున ఇట్టి శాలలను ప్రారంభించినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింపగలనని ప్రకటించినది. 2024లో లోకమునందలి ఇట్టి శాలలన్నియు కలిసి ప్రపంచపు విద్యుత్తులో సుమారు నూటికి ఒకటిన్నర వంతు వాడినవని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క కట్టినది. కావున మేఘమునకు ఖర్చు లేదనువాడు కరెంటు బిల్లు చూడనివాడు.

అయితే అన్ని సరకులకును ఒకే ఖర్చు కాదు. జతపరచు యంత్రము దస్తావేజును ముక్కలుగా విడదీసి, ముక్కముక్కకును లెక్కచే ఒక గురుతు పెట్టుకొనును. ఏ ముక్క గురుతు మారినదో ఆ ముక్కనే పంపును. వేయిపుటల దస్తావేజులో ఒక పుట దిద్దినచో ఆ ఒక్క పుట భాగమే ప్రయాణము చేయును. ఊరివారందరి టెలిఫోను నంబర్లును ఒకచోట చేర్చినను ఒక ఛాయాచిత్రమంత చోటు పట్టదు. భారమంతయు చిత్రములది, అంతకు మించి చలనచిత్రములది. ఒక్క నిమిషపు చలనచిత్రము అరువది మెగాబైట్లు మొదలు నూట డెబ్బది దాక మ్రింగును. పెండ్లి తంతు మొత్తము పట్టించినవాని సంగతి చెప్పనక్కర లేదు. ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. నా వాదమున కిదియే కీలకము.

ఇక వ్యాపారుల నడవడి చూతము. ఆపిల్ సంస్థ 2000 సంవత్సరమున తన కంప్యూటర్లు కొన్నవారికి ఐటూల్స్ అను పేర కొంత స్థలమును, ఉత్తరముల వసతిని ఉచితముగా నొసగినది. రెండున్నర యేండ్లకు పేరు మార్చి యేటికి దాదాపు నూరు డాలర్లు అడిగినది. 2008లో మరల పేరు మార్చి 99 డాలర్లు తీసికొన్నది. 2011లో ఐక్లౌడ్ అను కొత్త పేరుతో 5 గిగాబైట్లు ఉచితమని చాటినది. ఆ యేట విడుదలయిన దాని కొత్త ఫోను కనీసము 16 గిగాబైట్లు పట్టునది. నేడు దాని ఫోనులు 128, 256 గిగాబైట్లతో మొదలగుచున్నవి. గాదె ఎనిమిదింతలు, పదునారింతలు పెరిగినది. ఉచితమని యిచ్చిన గురిగి మాత్రము నాటి 5 గిగాబైట్లే. దీనిని దానమనుటకు నాకు నోరాడకున్నది. ఇది దుకాణము గుమ్మమున నుంచిన రుచి చూపు బెల్లపు ముక్క. ఆ పైది కావలెనన్నచో మన దేశమున అన్నిటికంటె చిన్న వంతు, 50 గిగాబైట్లకు, నెలకు 75 రూపాయలు.

గూగుల్ సంస్థ 2015లో ఛాయాచిత్రములకు ఎంత చోటైనను ఉచితమన్నది, కొంత స్పష్టత తగ్గించి దాచు షరతుపై. జనులు కోట్లకొలది చిత్రములను అందు పోసిరి. 2021 జూన్ 1వ తేదీనుండి ఆ తలుపు మూసి, ఉత్తరములు, చిత్రములు, దస్తావేజులు అన్నిటికిని కలిపి 15 గిగాబైట్లే యన్నది. వింత యేమనగా, ఇదే సంస్థ 2016లో తన మొదటి పిక్సెల్ ఫోను కొన్నవారికి చిత్రములను స్పష్టత తగ్గింపకయే, ఎంతయైనను, ఉచితముగా దాచిపెట్టెదనని మాట యిచ్చినది. 2021లో వచ్చిన ఆరవ పిక్సెల్ నాటికి ఆ వరము పూర్తిగా లేకపోయినది. ఉపకరణము కొన్నవానికి భాండారము ఉచితమను పద్ధతి అసాధ్యము కాదని ఆ సంస్థయే చేసి చూపినది. గిట్టుబాటు కాదని తానే మానుకొన్నది.

మరికొన్ని సంస్థలు స్థలమును గాక ఉపకరణములనే లెక్కించుట మొదలిడినవి. ఎవర్‌నోట్ 2016లో ఉచితముగా వాడువారికి రెండు ఉపకరణములే యన్నది. డ్రాప్‌బాక్స్ 2019లో మూడే యన్నది. వీరిపై నాకు కోపము లేదు. వీరు నాకు ఫోను నమ్మలేదు. గిడ్డంగి మాత్రమే గలవాడు గిడ్డంగి బాడుగ అడుగును. ఫోనును అధిక మూల్యమునకు విక్రయించి, అటుపై అందలి సరకును దాచుటకు తన గిడ్డంగికే త్రోవ చూపువాని సంగతి వేరు.

ఇచట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా చెల్లెలు బందరు కాలువక్రింది ఊరిలో నున్నది. దాని భర్త తొమ్మిది నెలలు మంచమున నుండి గతించినాడు. ఆ తొమ్మిది నెలలును అది తన ఫోనుతో ఆయనను చిత్రించెడిది, ఆయన మాటలను పట్టెడిది. ఫోను పోయినను భయములేదు, అన్నియు మేఘమున నుండునని దానికి ధైర్యము చెప్పినవాడను నేనే. సంవత్సరికము దాటిన కొన్నాళ్లకు ఫోను కాలువలో పడినది. కొత్త ఫోను తెచ్చి, పేరు, రహస్యపదము ఇచ్చి చూడగా పాత చిత్రములన్నియు వచ్చినవి. ఆ తొమ్మిది నెలలవి ఒక్కటియు రాలేదు. ఉచిత స్థలము అంతకు పూర్వమే నిండిపోయి ప్రతులు తీయుట నిలిచిపోయినది. నిండినదను హెచ్చరిక నాడునాడును ఫోనుపై వచ్చుచునే యుండెనట, ఆంగ్లమున. అది వ్యాపార ప్రకటన యనుకొని మా చెల్లెలు వ్రేలితో ప్రక్కకు నెట్టెడిది. "అన్నయ్యా, అన్నీ మేఘంలో ఉంటాయన్నావు కదా, ఆయన మాట ఎక్కడుంది?" అని అది నన్ను అడిగినది. ఆ సంస్థ పేరు ఇచట అప్రస్తుతము. తప్పులో నా పాలును తక్కువ కాదు. నిండునన్న సంగతి నాకు తెలిసియు చెప్పలేదు.

ఈ దుఃఖమువలన నేను వెంటనే, అంతయు ఉచితముగా నుండవలసినదే యని వాదింపబూనితిని. ఆలోచించినకొలది ఆ వాదము నిలువలేదు. ఉచితమన్నది ఎవరో ఒకరు చెల్లించునదే. ఆంధ్రప్రదేశమున 2004 నుండి వ్యవసాయపు మోటార్లకు విద్యుత్తు ఉచితముగా వచ్చుచున్నది. దాని వెల ప్రభుత్వపు ఖజానానుండి పంపిణీ సంస్థలకు చేరుచున్నది. మేఘమునకు ఖజానా యెక్కడిది? ప్రకటనలనుండి రావలెను, లేదా ఫోను ధరలోనే ముందుగా కలిసియుండవలెను. అట్లు కలిసినచో నూరు చిత్రములు దాచు వృద్ధురాలు లక్ష చలనచిత్రములు దాచు పడుచువాని అద్దెను భరించినట్లగును. అదియునుగాక మూల్యము చెల్లింపనివానికి నిలదీయు హక్కు తక్కువ. 2023 డిసెంబరు నుండి గూగుల్ సంస్థ రెండేండ్లు వాడక విడిచిన ఖాతాలను అందలి సరకుతో కూడ తీసివేయ నారంభించినది. అద్దె రానిచోట సరకు బయట పారవేయుట లోకములో కొత్త కాదు.

ఐనను ఫోను విక్రేత కొంత ఋణపడియున్నాడనియే నా నిశ్చయము. పేర్లు, నంబర్లు, వ్రాసికొన్న సంగతులు, సందేశములు, ఫోను అమరికలు, ఇవి లేనిచో కొత్త ఫోను చేతబట్టినను పాత మనిషి కానేరడు. ఇవి పట్టు చోటు స్వల్పము. వీనికి స్థలము లెక్క పెట్టనే కూడదు. ఆ ఫోనుకు విక్రేత మరమ్మతు పాఠములు, అనగా అప్‌డేట్లు, పంపుచున్నంత కాలము వీనిని ఫోను ధరలోని భాగముగనే జతపరచి దాచవలెను. చిత్రములకును చలనచిత్రములకును అద్దె అడుగవచ్చును. కాని నిండిన సంగతిని కొన్నవాని భాషలో, తెలుగువానికి తెలుగున, ప్రకటనవలె గాక ప్రమాదమువలె చెప్పవలెను. ఇది ఖర్చు లేని పని. ఐనను చేయకుండుటకు కారణము చెప్పనక్కరలేదు.

ఇంకొక పేచీ కలదు. అద్దె అడుగువాడు పొరుగు గిడ్డంగికి పోవు దారిని మూయరాదు. ఆపిల్ ఫోనునందు చిత్రములను ఇతరుల భాండారములకు పంపుకొనవచ్చును గాని, ఫోను మొత్తమునకు ప్రతి తీయుట మాత్రము ఆ సంస్థ మేఘమునకే గాని, లేదా సొంత కంప్యూటరునకే గాని వీలగును. ఈ విషయముపై 2024 నవంబరులో ఇంగ్లండునందలి విచ్ అను వినియోగదారుల సంఘము ఆ దేశపు పోటీ వివాదముల న్యాయస్థానమున దావా వేసినది. దాదాపు 4 కోట్ల మంది తరపున సుమారు 300 కోట్ల పౌండ్లు నష్టపరిహారము కోరినది. తమ మేఘమునే వాడుమని ఎవరిని నిర్బంధింపలేదనియు, అనేకులు ఇతరుల వసతులనే వాడుచున్నారనియు ఆపిల్ వాదము. ఐరోపా సమాఖ్యలో 2018 నుండి అమలులో నున్న చట్టము ప్రకారము, ఒకడు తాను ఇచ్చిన సమాచారమును తిరిగి తీసికొని వేరొకచోటికి మార్చుకొను హక్కు కలవాడు. ఉచిత స్థలముకంటె ఈ హక్కే నాకు విలువైనదిగా తోచుచున్నది.

బాడుగ లేని దారులు రెండు ఉన్నవి. మన కేంద్ర ప్రభుత్వము 2015లో నెలకొల్పిన డిజీలాకరు ఒకటి. అందు పరీక్షల యోగ్యతాపత్రములు, వాహనపు పత్రములు మొదలగువానిని ఆయా శాఖలే నేరుగా చేర్చును. అవి చట్టరీత్యా మూలపత్రములతో సమానములు. మన సొంత కాగితములకు ఒక గిగాబైటు చోటు గలదు. పట్టా నకళ్లకు సరిపోవును. మనుమల ఆటలకు సరిపోదు. రెండవది సింక్‌థింగ్ అను సాధనము. 2013 చివర వెలువడిన యిది నడుమ మేఘమే లేకుండ ఒక ఉపకరణమును మరియొక ఉపకరణముతో నేరుగా జతపరచును. రుసుము లేదు. కాని రెండును ఒకే వేళ మేల్కొని యుండవలెను. అమర్చుటకు తెలిసిన కుఱ్ఱవాడొకడు కావలెను. మరియు జతపరచుట వేరు, భద్రపరచుట వేరు. జతపరచిన చోట ఒకదానిలో తుడిచినది రెండవదానిలోను తుడిచిపోవచ్చును. ఈ భేదము తెలియక మోసపోయినవారిని నేనెరుగుదును.

మా చెల్లెలు ఇప్పుడు నెలనెలా అద్దె కట్టుచున్నది. ఎవరును చెప్పలేదు, తానే నిర్ణయించుకొన్నది. పైగా నెలకొకమారు మా మేనల్లుడు ఇంటి కంప్యూటరులోనికి మరొక ప్రతి తీయుచున్నాడు. ఆ తొమ్మిది నెలలలో ఆయన మాట ఒక్కటి దొరికినది. అది నా ఫోనులోనే యున్నది. నాకు పంపిన సందేశము గనుక మిగిలినది. నీరసపు గొంతుతో, ఈసారి వచ్చునపుడు బజారునుండి గేదెకు పలుపుత్రాడు తెమ్మని నన్ను అడుగుచున్నాడు. పదునొకండు క్షణములు. దానినిప్పుడు మూడు చోట్ల దాచితిమి.