ఏ ప్లస్ పరీక్షకు తయారయ్యే పిల్లలతో
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ సపోర్టు ఉద్యోగంలో చేరాలనుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది కాంప్టియా ఏ ప్లస్ గురించి. ముందు తల్లిదండ్రులకు ఒక మాట. ఇది ఒక పరీక్ష కాదు, రెండు: కోర్ 1, కోర్ 2. దేని ఫీజు దానిదే. రెండూ పాసైతేనే సర్టిఫికెట్టు వస్తుంది, అదీ మూడేళ్ళకే. ఆ తర్వాత రెన్యూ చేసుకోవాలి. కోచింగ్ సెంటరువారు "అంతా కలిపి ఇంత" అంటే, అందులో రెండు పరీక్షల ఫీజులూ ఉన్నాయా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. చీటీ పాడి తెచ్చిన డబ్బు కదా!

పుస్తకం కొనేముందు నంబరు చూడండి. 220-1201, 1202 అనే వరుస 2025 మార్చిలో వచ్చింది. పాత 1101, 1102 అదే ఏడాది సెప్టెంబరులో ఆగిపోయాయి. బెంగళూరు అవెన్యూ రోడ్డులో సగం ధరకు దొరికే పాత పుస్తకం కొంత పనికొస్తుంది గానీ, కొత్త సిలబస్ పక్కన పెట్టుకుని చదవాలి. ఆ సిలబస్‌ను కాంప్టియావారే ఉచితంగా ఇస్తారు.

ఒక్కో పరీక్షకు 90 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 90 ప్రశ్నలు. పాస్ మార్కు కోర్ 1కి 675, కోర్ 2కి 700. ఈ లెక్క 100 నుంచి 900 దాకా సాగే స్కేలు మీద, కనుక శాతాలుగా మార్చి చూసుకోకండి. చేసి చూపించే ప్రశ్నలు సాధారణంగా మొదట్లోనే వస్తాయి. అవి సమయం మింగేస్తాయి. గుర్తు పెట్టి ముందుకు వెళ్ళి, చివర్లో తిరిగి రండి.

ఇక చదివే తీరు. ఒక ఆఫీసులో ఇంటర్నెట్టు రావడం లేదన్నారనుకోండి. ఐపీకాన్ఫిగ్ కొడితే అడ్రసు 169.254తో మొదలైంది. అంటే డీహెచ్‌సీపీ సర్వరు నుంచి అడ్రసు అందక, ఆ కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఇక బ్రౌజరు మార్చి లాభం లేదు. కేబులు, స్విచ్చి, ఆ సర్వరు చూడాలి. ఈ సంగతి ఒక్కసారి చేత్తో కేబులు పీకి, మళ్ళీ పెట్టి చూసినవాడు మరచిపోడు. బట్టీ పట్టినవాడు ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తడబడతాడు.

ఈ పరీక్ష తెలుగులో లేదు. తమిళ, కన్నడ, ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు ఇంగ్లీషు ప్రశ్నలో "ఫస్ట్", "బెస్ట్", "నెక్స్ట్" అన్న మాటల కింద గీత గీసి చదవడం అలవాటు చేసుకోవాలి. జవాబులు నాలుగూ సరైనవిగానే కనిపిస్తాయి. ముందుగా చేయవలసింది ఒక్కటే ఉంటుంది.

డంపుల పేరుతో ప్రశ్నలు అమ్మేవారి జోలికి వెళ్ళకండి. పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దవుతుంది. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో ర్యాము తీసి పెట్టమంటే ఏం చేస్తారు?

పాత డెస్క్‌టాప్ ఒకటి తెచ్చాను. భోజనాలయ్యాక ఆ మూల బల్ల దగ్గర ఉంటాను. విప్పి చూడాలనుకునేవారు రండి, ఆడపిల్లలు ముందు రండి. స్క్రూడ్రైవర్లు నా దగ్గరే ఉన్నాయి.